కోటి కోట్ల మార్కుల నోటు

ఒకటి వేసి దాని పక్కన పద్నాలుగు సున్నాలు చుట్టండి. 10,00,00,00,00,00,000. ఈ సంఖ్యను మన లెక్కలో ఏమని చదవాలి? కోటిని కోటితో గుణిస్తే వచ్చేది ఇదే. అంటే కోటి కోట్లు! ఇంత విలువ రాసి ఉన్న కాగితపు నోటును ఒక దేశపు కేంద్ర బ్యాంకు నిజంగానే అచ్చు వేసింది. ఆ దేశం జర్మనీ. ఆ నోటు మీద ఉన్న తేదీ 1924 ఫిబ్రవరి.

కోటి కోట్ల మార్కులు చేతిలో ఉన్నవాడు మహారాజై ఉంటాడని అనుకుంటున్నారా? ఆ నోటు ఇస్తే అప్పట్లో వచ్చేవి 24 అమెరికన్ డాలర్లు కూడా కావు. అంతకు పదేళ్ళ ముందు, 1914లో, ఆ 24 డాలర్లకు వంద మార్కుల నోటు ఒక్కటి సరిపోయేది.

పదేళ్ళలో ఒక దేశపు డబ్బుకు ఇంత దుర్గతి ఎట్లా పట్టింది? మార్కు జబ్బు ఎక్కడ మొదలైంది, ఎట్లా ముదిరింది, చివరికి ఎట్లా కుదిరింది? ఇది చరిత్ర పాఠమే కాదు, లెక్కల పాఠం కూడా.

ముందు పట్టిక చూడండి

ఒక అమెరికన్ డాలరు కొనడానికి ఎన్ని జర్మన్ మార్కులు ఇవ్వాల్సి వచ్చిందో ఈ పట్టిక చెబుతుంది. చివరిది తప్ప మిగిలినవన్నీ ఆయా నెలల సగటు.

1914 జూలై – 4.2 మార్కులు
1919 జనవరి – 8.9
1920 జనవరి – 64.8
1922 జనవరి – 192
1922 జూలై – 493
1923 జనవరి – 17,972
1923 జూలై – 3,53,412
1923 ఆగస్టు – 46,20,455
1923 సెప్టెంబరు – 9 కోట్ల 88 లక్షలు
1923 అక్టోబరు – 2,526 కోట్లు
1923 నవంబరు 20 – 4,20,000 కోట్లు

మొదటి వరుసనూ చివరి వరుసనూ పోల్చండి. 4.2 కాస్తా 4.2 లక్షల కోట్లు అయింది. అంటే మార్కు విలువ లక్ష కోట్ల వంతులలో ఒక వంతుకు పడిపోయిందన్నమాట. ఇంకో సంగతి కూడా గమనించండి. మొదటి ఎనిమిదేళ్ళలో పతనం నెమ్మదిగా సాగింది, మధ్యలో కొంతకాలం ఆగింది కూడా. చివరి నాలుగైదు నెలల్లోనే అంతా కుప్పకూలింది.

అసలు ధరలు ఎందుకు పెరుగుతాయి?

ఒక ఊరిని ఊహించుకోండి. ఆ ఊరి సంతలో అమ్మకానికి వచ్చేదల్లా వంద బస్తాల వడ్లు. ఊరి జనం దగ్గర ఉన్నదల్లా వెయ్యి రాగి బిళ్ళలు. వేరే సరుకు లేదు, వేరే డబ్బు లేదు. అప్పుడు బస్తా ధర సుమారు పది బిళ్ళల దగ్గర నిలుస్తుంది.

ఒకనాటి రాత్రి ఊరి పెద్ద ఇంకో వెయ్యి బిళ్ళలు తయారు చేయించి, మర్నాడు సంతకు తెచ్చాడనుకోండి. ఊళ్ళో డబ్బు రెట్టింపయింది. వడ్లు మాత్రం వంద బస్తాలే! కొద్దిరోజుల్లోనే బస్తా ఇరవై బిళ్ళలవుతుంది. డబ్బు పెరిగింది కాని ఊరు ఒక్క గింజ కూడా ఎక్కువ తినలేదు.

మరి ఊరి పెద్దకు ఏం లాభం? ధర ఇంకా పది బిళ్ళలుండగానే అతడు తన కొత్త బిళ్ళలతో వడ్లు కొనేశాడు. మిగతావాళ్ళు సంతకు వచ్చేసరికి ధర పెరిగిపోయింది. తమ పెట్టెల్లోని బిళ్ళలను ఎవరూ ముట్టుకోకపోయినా, వాటి విలువలో సగం మాయమైంది. అందరి పెట్టెల్లోంచీ తలా కొంత తీసుకున్నట్టే కదా! కొత్త డబ్బు సృష్టించి ఖర్చు పెట్టడమంటే పేరు చెప్పకుండా పన్ను వసూలు చేయడమే. ఇట్లా డబ్బు విలువ తగ్గి ధరలన్నీ పెరుగుతూ పోవడాన్ని ద్రవ్యోల్బణం అంటారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. డబ్బు ఎంత ఉన్నదనేదే కాదు, అది ఎంత వేగంగా చేతులు మారుతున్నదనేది కూడా లెక్కే. రేపు ధర పెరుగుతుందని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? చేతికొచ్చిన బిళ్ళను దాచుకోకుండా వెంటనే ఖర్చు పెడతారు. వారానికి ఒకసారి చేతులు మారే బిళ్ళ రోజూ చేతులు మారితే, ఒక్క బిళ్ళే ఏడు బిళ్ళల పని చేస్తుంది. అంచేత బిళ్ళలు రెట్టింపైతే ధరలు రెట్టింపుతో ఆగవు, అంతకు మించి పోతాయి. ఈ మెలికను గుర్తుంచుకోండి. జర్మనీ కథలో ఇదే కీలకం.

అప్పు చేసి యుద్ధం

1914కు ముందు మార్కు బంగారంతో ముడిపడి ఉండేది. నోటు తీసుకువెళ్ళి బ్యాంకులో ఇస్తే బంగారు నాణెం ఇచ్చేవారు. అందువల్ల బంగారం నిల్వను మించి నోట్లు ఇష్టం వచ్చినట్టు అచ్చువేయడం కుదిరేది కాదు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ ఈ ముడి విప్పేసింది.

యుద్ధానికి అంతులేని డబ్బు కావాలి. పన్నులు పెంచితే జనానికి కష్టం. అందుకని ప్రభుత్వం అప్పుల మీదే ఎక్కువగా ఆధారపడింది. తొమ్మిది విడతలుగా యుద్ధ ఋణపత్రాలు అమ్మి ప్రజల నుంచి దాదాపు 10,000 కోట్ల మార్కులు తీసుకుంది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వితంతువులు దేశభక్తితో తమ పొదుపు తెచ్చి ఇచ్చారు. యుద్ధంలో గెలిస్తే ఓడినవారి నుంచి పరిహారం రాబట్టి ఆ అప్పు తీర్చవచ్చని పాలకుల ఆలోచన. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెతలో కనీసం పప్పుకూడైనా ఉంది. ఇక్కడ ఆ డబ్బంతా తుపాకి మందై కాలిపోయింది.

1918లో జర్మనీ ఓడిపోయింది. పరిహారం రాబట్టడం మాట అటుంచి, తానే కట్టవలసి వచ్చింది. 1921లో విజేతలు ఆ మొత్తాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. ‘బంగారు మార్కులు’ అన్న మాట చూశారా? కాగితపు మార్కులు వాళ్ళకు వద్దు. బంగారమో, విదేశీ ద్రవ్యమో, బొగ్గు వంటి సరుకో కావాలి. విదేశీ ద్రవ్యం కొనాలంటే మార్కులు ఇవ్వాలి. ప్రభుత్వం మార్కులు అమ్ముతున్న కొద్దీ మార్కు విలువ పడిపోయింది.

ఇంటి ఖర్చులూ తక్కువేం కాదు. యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులకు, చనిపోయినవారి భార్యలకు పింఛన్లివ్వాలి. ఉద్యోగులకు జీతాలివ్వాలి. వచ్చే పన్నులు చాలవు. లోటు పూడ్చడానికి ప్రభుత్వం తన హామీపత్రాలను రైష్‌బ్యాంకుకు ఇచ్చేది. రైష్‌బ్యాంకు జర్మనీ కేంద్ర బ్యాంకు. అది ఆ పత్రాలు తీసుకుని కొత్త నోట్లు అచ్చువేసి ఇచ్చేది. మన ఊరి పెద్ద కథే!

1922 జూన్ 24న జర్మనీ విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనౌను అతివాదులు కాల్చి చంపారు. ఈ దేశం ఇక కుదుటపడదేమోనన్న భయం లోపలా బయటా వ్యాపించింది. అంతవరకు మార్కు మళ్ళీ పుంజుకుంటుందని ఆశపడి దాచుకున్నవాళ్ళు కూడా దాన్ని వదిలించుకోసాగారు. డబ్బు వేగం పెరిగింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు

1923 జనవరి 11న ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు రూర్ ప్రాంతంలోకి ప్రవేశించాయి. పరిహారం కింద ఇవ్వవలసిన బొగ్గు, కలప సరిగా ఇవ్వలేదని వాటి ఫిర్యాదు. రూర్ అంటే జర్మనీ బొగ్గు గనులకు, ఉక్కు కర్మాగారాలకు పుట్టినిల్లు.

ఆయుధాలతో ఎదిరించే శక్తి లేక జర్మన్ ప్రభుత్వం సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చింది. రూర్ కార్మికులు పనులు మానేశారు. పని చేయని కార్మికులను పోషించేదెవరు? ప్రభుత్వమే. మన సంతతో పోల్చి చూడండి. ఒకవైపు సంతకు వచ్చే వడ్ల బస్తాలు తగ్గాయి. రెండోవైపు బిళ్ళలు పెరిగాయి. మూడోవైపు బిళ్ళలు చేతులు మారే వేగం పెరిగింది. ఈ మూడూ ఒక్కసారే వచ్చి పడ్డాయి.

అచ్చుయంత్రాల పరుగు

నోట్లు అచ్చువేయడానికి ప్రభుత్వ ముద్రణాలయం చాలలేదు. వందకు పైగా ప్రైవేటు అచ్చుకూటాలకు పని అప్పగించారు. ముప్పైకి పైగా కాగితపు మిల్లులు నోట్ల కాగితం కోసమే పనిచేశాయి. చాలా నోట్లను ఒకవైపు మాత్రమే అచ్చువేశారు. కొత్త నోటు తయారయ్యేలోగా దాని విలువ పడిపోయేది. అందుకని ఒక ఉపాయం పన్నారు. 1922 డిసెంబరు తేదీతో తయారైన వెయ్యి మార్కుల నోట్ల మీద ఎర్రసిరాతో ‘వంద కోట్ల మార్కులు’ అని అడ్డంగా ముద్రించి వదిలారు. తపాలా బిళ్ళల గతీ అంతే. చివరికి 5,000 కోట్ల మార్కుల తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

జీతాలు నెలకోసారి ఇచ్చే పద్ధతి పోయింది. వారానికి రెండుసార్లు, తరువాత రోజూ ఇవ్వసాగారు. కొన్నిచోట్ల రోజుకు రెండుసార్లు ఇచ్చారు. జీతం అందగానే గంపల్లో, సంచుల్లో నోట్లు నింపుకుని దుకాణానికి పరుగెత్తాలి. సాయంత్రానికి అదే డబ్బుకు సగం సరుకు కూడా రాకపోవచ్చు. ఆనాటి ఫోటోలలో పిల్లలు నోట్ల కట్టలను ఇటుకల్లా పేర్చి ఆడుకోవడం కనిపిస్తుంది. కట్టెల కన్నా నోట్లే చవకయ్యాయి కనుక పొయ్యిలో పెట్టినవారూ ఉన్నారు. 1923 నవంబరులో బెర్లిన్‌లో ఒక రొట్టె ధర దాదాపు 20,000 కోట్ల మార్కులు!

1923 అక్టోబరులో ధరలు సుమారు 3.7 రోజులకొకసారి రెట్టింపయ్యాయి. నెలకు ఎనిమిది రెట్టింపులకు కొంచెం ఎక్కువ. 2, 4, 8, 16, 32, 64, 128, 256... చూశారా, ఒక్క నెలలో దాదాపు 300 రెట్లు!

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు పెట్టమని అడిగిన తెలివిగలవాడి కథ మీరు వినే ఉంటారు. ఒక మార్కు వస్తువు ధర అట్లా నలభైసార్లు రెట్టింపైతే ఎంతవుతుంది? 1,09,951 కోట్ల మార్కులు. అంటే లక్ష కోట్ల రెట్లు పడిపోవడానికి నలభై రెట్టింపులు చాలు. మొదటి రెట్టింపులు మనకు కనబడవు. చివరివి ఊపిరి తిప్పుకోనివ్వవు. పట్టికలో చివరి వరుసలు అంత భయంకరంగా ఉండటానికి కారణం ఇదే.

తనను తానే మింగే చక్రం

నోట్లు ఇన్ని అచ్చువేస్తున్నప్పుడు ప్రభుత్వానికి కావలసినంత డబ్బు దొరికి ఉండాలి కదా అని మీకు అనిపించవచ్చు. దొరకలేదు. ఎందుకో చూడండి.

1923 జనవరిలో ఒక వ్యాపారి మీద వంద మార్కుల పన్ను లెక్కకట్టారనుకోండి. అతడు దాన్ని జూలైలో కట్టాడు. ఈలోగా డాలరు 17,972 మార్కుల నుంచి 3,53,412 మార్కులకు చేరింది, అంటే దాదాపు ఇరవై రెట్లు. కనుక ఖజానాకు చేరిన వంద మార్కుల విలువ జనవరి లెక్కలో అయిదు మార్కులే! పన్ను ఎంత ఆలస్యం చేస్తే కట్టేవాడికి అంత లాభం. పన్నుల విలువ పడిపోయింది కాబట్టి లోటు పెరిగింది. లోటు పెరిగింది కాబట్టి నోట్లు ఇంకా అచ్చువేశారు. నోట్లు పెరిగాయి కాబట్టి ధరలు పెరిగాయి. ధరలు పెరిగాయి కాబట్టి పన్నుల విలువ మళ్ళీ పడిపోయింది. పాము తన తోక తానే మింగుతున్నట్టు ఈ చక్రం తిరిగింది.

ఇంతకన్నా వింత ఇంకొకటుంది. ఇన్ని నోట్ల మధ్య జనానికి నోట్ల కరువు వచ్చింది! ధరలు నోట్లకన్నా వేగంగా పరుగెత్తుతున్నాయి కనుక జీతాలివ్వడానికి నోట్లు చాలేవి కావు. నగరపాలక సంఘాలు, కర్మాగారాలు సొంతంగా అత్యవసర నోట్లు అచ్చువేసుకున్నాయి. రైష్‌బ్యాంకు అధ్యక్షుడు రుడోల్ఫ్ హావెన్‌స్టైన్ కూడా నోట్ల కరువునే చూశాడు. దేశానికి నోట్లు చాలడం లేదు, సరఫరా చేయడమే తన కర్తవ్యం అనుకున్నాడు. దప్పిక తీరాలని ఉప్పునీళ్ళు తాగినట్టయింది. ఎన్ని తాగితే అంత దప్పిక!

ఎవరు మునిగారు? ఎవరు తేలారు?

ఒక ఉపాధ్యాయుడు జీవితమంతా పొదుపు చేసి 1914 నాటికి బ్యాంకులో 10,000 మార్కులు వేసుకున్నాడనుకోండి. అప్పటికది సుమారు 2,380 డాలర్లు, ముసలితనానికి భరోసా. 1923 నవంబరులో ఆ డబ్బుతో ఎంత రొట్టె వస్తుంది? రొట్టె ధర 20,000 కోట్లు. అంటే రొట్టెలో రెండు కోట్లవ వంతు. రొట్టె కిలో బరువు ఉందనుకున్నా, అతడికి వచ్చే ముక్క ఒక బియ్యపు గింజలో వందో వంతు కూడా ఉండదు.

యుద్ధ ఋణపత్రాలు కొన్నవారి మాటేమిటి? ప్రజలంతా కలిసి ఇచ్చిన అప్పు దాదాపు 10,000 కోట్ల మార్కులు. మార్కు విలువ లక్ష కోట్లవ వంతైంది కాబట్టి ఆ మొత్తం విలువ పాత మార్కులో పదో వంతు, అంటే పది ఫెనిగ్‌లు. మార్కుకు వంద ఫెనిగ్‌లు. ఒక జాతి ఇచ్చిన అప్పంతా పది పైసల బేరంగా తీరిపోయింది!

అప్పిచ్చినవాడు మునిగితే అప్పు తీసుకున్నవాడు తేలాలి కదా. అట్లాగే జరిగింది. తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నవారు కొద్దిపాటి సరుకు అమ్మి అప్పంతా తీర్చేశారు. పొలాలు, కర్మాగారాలు ఉన్నవారి ఆస్తులు నిలిచాయి. నోట్లూ పత్రాలే ఆస్తిగా ఉన్న మధ్యతరగతి వారు, పింఛనుదారులు చితికిపోయారు. తాకట్టు అప్పుల్లో నాలుగో వంతు విలువను తిరిగి లెక్కలోకి తెస్తూ 1925లో ఒక చట్టం చేశారు. పోయినదానిలో అది కొంత మాత్రమే.

ఈ ద్రవ్యోల్బణం వల్లనే హిట్లర్ అధికారానికి వచ్చాడని కొందరు అంటారు. తేదీలు చూస్తే అది అంత సూటిగా లేదు. 1923 నవంబరులో హిట్లర్ మ్యూనిక్‌లో చేసిన తిరుగుబాటు విఫలమైంది. అతడు అధికారానికి వచ్చింది 1933లో. అంతకు ముందు ఏడాది జర్మనీని పీడించినది ధరల పెరుగుదల కాదు, దాదాపు అరవై లక్షల మంది నిరుద్యోగం. అయితే ప్రభుత్వం మాట నమ్మి పొదుపు పోగొట్టుకున్న జనానికి ఆ ప్రభుత్వం మీద మునుపటి నమ్మకం లేకపోవడం కూడా నిజమే.

మందు ఎట్లా దొరికింది?

1923 ఆగస్టులో గుస్టాఫ్ స్ట్రెసెమాన్ ప్రధాని అయ్యాడు. సెప్టెంబరు 26న రూర్‌లో సహాయ నిరాకరణ ఆపించాడు. అతడి నిర్ణయాన్ని చాలామంది లొంగుబాటు అని తిట్టారు. కాని పెద్ద ఖర్చు ఒకటి ఆగింది.

నవంబరు 15న కొత్త నాణ్యం వచ్చింది. దాని పేరు రెంటెన్‌మార్కు. చాలినంత బంగారం లేదు కనుక దేశంలోని పొలాలు, పరిశ్రమల మీద తాకట్టును దానికి పూచీగా చూపించారు. ఒక రెంటెన్‌మార్కు లక్ష కోట్ల పాత మార్కులకు సమానం. కొద్దిరోజుల్లో డాలరు 4.2 రెంటెన్‌మార్కుల దగ్గర నిలిచింది. 1914 నాటి 4.2 మళ్ళీ వచ్చింది! సరిగా ఆ నవంబరు 20నే హావెన్‌స్టైన్ మరణించాడు. ద్రవ్య వ్యవహారాలు చూసేందుకు నియమితుడైన హ్యాల్మార్ షాఖ్ట్ తరువాత రైష్‌బ్యాంకు అధ్యక్షుడయ్యాడు.

పన్నెండు సున్నాలు కొట్టేస్తే జబ్బు నయమవుతుందా? కాదు. రెంటెన్‌మార్కు ఇచ్చి మీ వంతు పొలం ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు కూడా. అసలు మందు వేరే ఉంది. కొత్త నోట్లు ఇంతకు మించి అచ్చువేయకూడదని గట్టి పరిమితి పెట్టారు. ప్రభుత్వ హామీపత్రాలు తీసుకుని నోట్లు ఇవ్వడాన్ని రైష్‌బ్యాంకు ఆపేసింది. ప్రభుత్వం ఉద్యోగాలు తగ్గించి, కొత్త పన్నులు వేసి, రాబడికి తగ్గట్టు ఖర్చు కుదించుకుంది. నోట్లు పెరగవని తెలిశాక జనం వాటిని దాచుకోసాగారు. డబ్బు వేగం తగ్గింది. రైతులు ధాన్యం మళ్ళీ సంతకు తెచ్చారు. 1924లో పరిహారపు వాయిదాలు సడలించి, విదేశీ ఋణం ఇప్పించే డావెస్ పథకం వచ్చింది. ఆ ఏడాదే రైష్‌మార్కు శాశ్వత నాణ్యమైంది.

జర్మనీ ఒక్కటే కాదు

ధరలు నెలకు 50 శాతానికి మించి పెరిగితే దాన్ని అతి ద్రవ్యోల్బణం అనాలని 1956లో ఫిలిప్ కేగన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త నిర్వచించాడు. ఈ విషయంలో జర్మనీని మించినది హంగేరీ. 1946 జూలైలో అక్కడ ధరలు సుమారు 15 గంటలకొకసారి రెట్టింపయ్యాయి. ఒకటి పక్కన ఇరవై సున్నాలంత విలువగల పెంగో నోటు చలామణీలోకి వచ్చింది. 1946 ఆగస్టు 1న పెంగోను తీసేసి ఫోరింట్ ప్రవేశపెట్టారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో 2008 నవంబరులో ధరలు దాదాపు రోజుకొకసారి రెట్టింపయ్యాయి. 2009 జనవరిలో అక్కడా కోటి కోట్ల డాలర్ల నోటు వచ్చింది. ఆ ఏడాదే ప్రజలు, ప్రభుత్వం కూడా ఆ నోటును వదిలి విదేశీ నాణ్యాలకు మారవలసి వచ్చింది.

దేశాలు వేరు, కాలాలు వేరు. వరస మాత్రం ఒకటే. యుద్ధం వల్లనో, ఉత్పత్తి దెబ్బతినడం వల్లనో రాబడి పడిపోతుంది. ఖర్చు తగ్గదు. ఆ ఖాళీని అచ్చుయంత్రంతో పూడుస్తారు. చివరికి జనానికి నమ్మకం పోతుంది. నోటు బరువు కాగితంలో లేదు, రేపు కూడా దీన్ని ఎవరో ఒకరు ఇదే విలువకు తీసుకుంటారన్న నమ్మకంలో ఉంది. ఆ నమ్మకం పోయాక ఎన్ని సున్నాలు చేర్చినా కాగితం కాగితమే.

మీరే లెక్కకట్టండి

1. ఒక పెన్సిలు ధర రూపాయి. ధరలు నాలుగు రోజులకొకసారి రెట్టింపైతే నలభై రోజుల తరువాత దాని ధర ఎంత?

2. ధరలు నెలకు సరిగ్గా 50 శాతం పెరిగితే ఏడాదిలో ఎన్ని రెట్లవుతాయి? (1.5ను పన్నెండుసార్లు వేసి గుణించండి.)

3. మన సంతలో బిళ్ళలు రెట్టింపైనప్పుడే వడ్ల బస్తాలు కూడా రెండువందలైతే ధర ఏమవుతుంది? ఎందుకు?

జవాబులు: 1. 1,024 రూపాయలు. 2. దాదాపు 130 రెట్లు. 3. బస్తా పది బిళ్ళల దగ్గరే ఉంటుంది. కారణం మీ మాటల్లో రాసి, మీ ఉపాధ్యాయులకు చూపించండి.